‘కాదు’ అన్న మాట వినడం

(బి.ఎస్సీ. ఆఖరు సంవత్సరం విద్యార్థి)

ప్రతి సంవత్సరం మన సంచికలో ప్రేమ మీద కనీసం పది గేయాలు అచ్చవుతాయి. వాటిలో వెన్నెల ఉంటుంది, మల్లెలు ఉంటాయి, చివరి చరణంలో తప్పకుండా ఒక కన్నీటి చుక్క ఉంటుంది. కాని ప్రేమ మీద పాఠం మాత్రం ఎవరూ రాయరు. సిలబస్‌లో లేని సబ్జెక్టు గనుక ఎవరికి తోచినట్లు వాళ్ళు చదువుకొని, ఎవరి పరీక్ష వాళ్ళే పెట్టుకొని, చాలామంది తప్పుతున్నారు. నేనూ ఒకసారి తప్పినవాణ్ణే. “ఏదైనా సైన్సు వ్యాసం ఇవ్వవోయ్” అని సంపాదకులు అడిగినప్పుడు ఈ విషయం చెప్తే, మా రూమ్మేట్లు పగలబడి నవ్వారు. “కెమిస్ట్రీ వాడివి, పాలిమర్ల మీద రాసుకోక నీకెందుకురా ప్రేమ గొడవ?” అన్నారు. నిజానికి ఈ విషయం నాకు మొదట తగిలింది కెమిస్ట్రీ లాబులోనే.

మొదటి సంవత్సరం, సాల్ట్ అనాలిసిస్ చేస్తున్న రోజులు. నైట్రేట్ ఉందో లేదో తెలుసుకోవడానికి బ్రౌన్ రింగ్ టెస్టు చేస్తాం. పరీక్షనాళికను కాస్త వంచి, దాని గోడ వెంబడి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని మెల్లగా జార్చాలి. ఆమ్లం నీటికంటే దాదాపు రెండింతలు బరువు గనుక అడుక్కి దిగుతుంది. రెండు పొరలు కలిసే చోట గోధుమరంగు ఉంగరం ఒకటి కనపడుతుంది. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. నాకు తొందర ఎక్కువ. ఒక చుక్క చొక్కా అంచు మీద పడింది. పడ్డట్టు కూడా నాకు తెలియలేదు. ఊరికి పోయినప్పుడు అమ్మ ఆ చొక్కా ఉతుకుతుంటే అక్కడి గుడ్డ పొడిపొడిగా రాలిపోయింది. “పత్తి పండించే ఇంట్ల పుట్టినవ్, బట్ట విలువ తెల్వదారా నీకు?” అని తిట్టింది.

పత్తి అంటే సెల్యులోజు. అందులో హైడ్రోజన్, ఆక్సిజన్ నీటిలో ఉన్న పాళ్ళలోనే ఉంటాయి. గాఢ ఆమ్లం ఆ నీటిని గుంజుకుంటుంది, మిగిలేది బొగ్గు. చక్కెర మీద పోసినా అంతే, నల్లటి ముద్ద పొంగుకొని బీకరు దాటి లేస్తుంది. మరి చర్మం మీద, కంటిరెప్ప మీద పడితే?

ఆ ప్రశ్న అప్పుడు నాకు రాలేదు. నాకు వచ్చిన అనుమానం వేరు. లాబులో ఇన్ని సీసాలుండగా యాసిడ్‌కు మాత్రం రిజిస్టరు ఎందుకు? ఎంత వాడాం, ఎంత మిగిలింది రాయాలి. బయటికి వచ్చేటప్పుడు సంచులు చూపించాలి. మమ్మల్ని దొంగల్లాగా చూస్తున్నారని మాకందరికీ కోపంగా ఉండేది. ఒకరోజు నేనే సార్‌ని అడిగాను. ఆయన కాసేపు ఊరుకొని, “ఇది సుప్రీంకోర్టు చెప్పిన పని” అన్నారు. 2005లో ఢిల్లీలో లక్ష్మి అనే పదిహేనేళ్ళ అమ్మాయి, పెళ్ళికి ఒప్పుకోనందుకు తనకంటే రెండింతల వయసువాడి చేతిలో యాసిడ్ దాడికి గురైంది. ఆమె వేసిన కేసులో 2013 జులై 18న కోర్టు ఉత్తర్వులిచ్చింది. అంగట్లో యాసిడ్ అమ్మేవాడు కొన్నవాడి పేరూ చిరునామా రాసుకోవాలి. పద్దెనిమిదేళ్ళు నిండనివాడికి అమ్మకూడదు. యాసిడ్ నిలవుంచే విద్యాసంస్థల్లో వాడకానికి రిజిస్టరు ఉండాలి, లాబు వదిలిపోయేవాళ్ళను తనిఖీ చెయ్యాలి. ఇదంతా చెప్పి సార్ ఒక మాట అన్నారు: “ఢిల్లీ సంగతి ఎందుకయ్యా, మన వరంగల్ సంగతి నీకు తెలుసా?”

తెలియదు. 2008లో నేను మూడేళ్ళ పసివాణ్ణి.

ఆ ఏడు డిసెంబర్ 10న ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో చదివే ఇద్దరు స్నేహితురాళ్ళు, క్లాసులు ముగించుకొని బండి మీద ఇంటికి పోతున్నారు. మోటారు సైకిల్ మీద వచ్చిన ముగ్గురు యువకులు వాళ్ళ మీద యాసిడ్ పోశారు. ఆ ముగ్గురిలో ఒకడు, ఆ ఇద్దరిలో ఒకమ్మాయిని ప్రేమిస్తున్నానని వెంటపడ్డవాడు. ఆమె ఒప్పుకోలేదు. రెండో అమ్మాయి చేసిన నేరమల్లా స్నేహితురాలితోపాటు ఆ బండి మీద ఉండడమే. మూడు రోజులకు, డిసెంబర్ 13న, ముగ్గురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆత్మరక్షణ కోసం కాల్చామని పోలీసులు చెప్పారు. ఊళ్ళో చాలామంది సంబరపడ్డారు, విద్యార్థులు పోలీసులకు పూలిచ్చారు. ఆ సంబరం నడుస్తుండగానే, డిసెంబర్ 31న, ఆ అమ్మాయి హైదరాబాదు ఆసుపత్రిలో కన్నుమూసింది. రెండో అమ్మాయి బతికింది. వాళ్ళ పేర్లు పెద్దవాళ్ళందరికీ తెలుసు, నేను ఇక్కడ రాయడం లేదు.

ఈ సంగతి ఎవరితో ఎత్తినా “వాళ్ళకు తగిన శాస్తి జరిగింది” అని ముగించేస్తారు. నాకు అట్లా ముగించబుద్ధి కాదు. విచారణ జరగలేదు గనుక అడగవలసిన ప్రశ్నలు కోర్టు బోను దాకా రానేలేదు. ఒకడికి పిచ్చి పట్టిందే అనుకుందాం. మిగతా ఇద్దరి సంగతేమిటి? వాళ్ళను ఏ అమ్మాయీ కాదనలేదు గదా! స్నేహితుడు పిలిస్తే బండెక్కి పోయారు. “వద్దురా” అన్న ఒక్క మాట ఆ ముగ్గురి మధ్య ఎందుకు పుట్టలేదు? భయం పెడితే బుద్ధి వస్తుందనే వాదం కూడా నిలవలేదు. 2019 ఫిబ్రవరి ఆఖర్లో ఇదే హన్మకొండలో, డిగ్రీ చదివే అమ్మాయి మీద ఒక తోటి విద్యార్థి పెట్రోలు పోసి నిప్పంటించాడు. ఆమె కూడా కొద్ది రోజులకే పోయింది.

ఇట్లాంటివాణ్ణి మన పత్రికలు ‘ప్రేమోన్మాది’ అని రాస్తాయి. ఆ మాట నాకు నచ్చదు. అందులో ముందు ప్రేమను కూర్చోబెట్టి తర్వాత ఉన్మాదాన్ని కూర్చోబెట్టారు. పాపం ప్రేమ ఎక్కువై ఇట్లా అయ్యాడు అన్నట్టు లేదూ? చెంబెడు పాలలో విషం కలిపినవాణ్ణి ‘పాలవాడు’ అంటామా?

ఇక నా సంగతి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది గాని, చెప్పకపోతే ఈ వ్యాసం రాసే హక్కు నాకు లేదు.

రెండో సంవత్సరంలో ఒకమ్మాయిని చూశాను. మన కాలేజీ కాదు. సాయంత్రం ఒక బస్టాపులో బస్సెక్కేది. నేనూ అక్కడికి పోయి నిలబడడం మొదలుపెట్టాను. నాకు ఆ బస్సుతో పని లేదు, మా హాస్టలు మరో దిక్కు. ఆమె ఒకసారి నావైపు తిరిగి నవ్వింది. వెనకాల ఆమె స్నేహితురాలు ఉన్న సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. మిత్రులారా, టైట్రేషన్‌లో మనకు కావలసిన రీడింగులే రాసుకొని మిగతావి కొట్టేస్తే సార్ రికార్డు విసిరికొడతారు. ప్రేమలో మాత్రం మనం చేసేది అదే పని. ఒక్క నవ్వును పది రోజులు రాసుకుంటాం. ముఖం తిప్పుకున్న పది రోజులను ఒక్కసారీ రాసుకోం.

చివరికి ఒక ఉత్తరం రాసి ఇచ్చాను. ఫోన్‌లో నంబరు సంపాదించి మెసేజ్ పెట్టమని మావాళ్ళు చెప్పారు గాని, నా దస్తూరి బాగుంటుందని నాకో గర్వం. ఆమె కవరు విప్పకుండానే తిరిగి ఇచ్చింది. “నాకు ఇష్టం లేదు. ఇంక ఇక్కడికి రాకండి” అన్నది. స్పష్టంగానే అన్నది. రూమ్‌కు వచ్చి చెప్తే మావాళ్ళు, “ముందు అందరూ గట్లనే అంటర్రా! సినిమాల్ల చూడలే? ఇంకో నెల తిరుగు, తనే వస్తది” అన్నారు. నేను తిరిగాను. నెల కాదు, పదకొండు రోజులు.

పన్నెండో రోజు మన కాలేజీలోనే చదివే ఒక సీనియర్ అక్క, ఆ అమ్మాయికి దూరపు చుట్టం, నన్ను లైబ్రరీ మెట్ల దగ్గర నిలబెట్టింది. అరవలేదు. మెల్లగా అడిగింది.

“నువ్వు కెమిస్ట్రీ గదా తమ్మీ?”

“అవునక్కా.”

“రోజూ చేతిల సీసా పట్టుకొని నిలబడతవట.”

“నీళ్ళ సీసా అక్కా. ఎండకు...”

“అది నీకు తెలుసు. ఆ పిల్లకెట్ల తెలుస్తది? వారం నుంచి చున్నీ మొకానికి కట్టుకొని తిరుగుతున్నది. ఎండకనుకున్నవా? నువ్వున్న స్టాపు ఇడిచిపెట్టి, అవతలి స్టాపు దాకా నడిచిపోయి బస్సెక్కుతున్నది. ఇంట్ల చెప్తే నిన్నేమంటరో గాని, ముందు దాని చదువు మాన్పిస్తరని చెప్తలేదు.”

నేను ఏమీ అనలేకపోయాను. ఆ అమ్మాయి చున్నీ కట్టుకోవడం నేనూ చూశాను. చూసి, ముఖం కనపడడం లేదని బాధపడ్డాను! పదకొండు రోజులు నేను ఎదురుచూపు అనుకున్నది ఆమెకు భయం. అదే స్థలం, అదే వేళ, అవే అయిదు నిమిషాలు. నాకు చేతిలో ఉన్నది నీళ్ళ సీసా. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన ఆడపిల్లకు అది ఏమైనా కావచ్చు. అంతకుముందు నేను లాబులో విన్న 2008 నాటి కథలో నేను ఎవరిపక్షమో నాకు అనుమానమే లేదు. తీరా చూస్తే, మా రూమ్‌లో ఆ రోజు “వద్దురా” అన్నవాడు ఒక్కడూ లేడు.

ఆ సెలవుల్లో ఊరికి పోయాను. నాయిన పత్తి, మిర్చి వేస్తాడు. మాకున్నది తక్కువ, ఏటా మరికొంత కౌలుకు పట్టుకుంటాడు. ఆ ఏడు పక్క చేను కౌలుకు అడగడానికి నన్ను వెంట తీసుకుపోయాడు. ఆ ఆసామి “ఈసారి ఇయ్యనే” అన్నాడు. నాయిన “మంచిది” అని తువ్వాల దులిపి భుజాన వేసుకొని లేచాడు. దారిలో నేను “ఇంకోసారి అడగొచ్చు గదా, ఎందుకియ్యడో అడగొచ్చు గదా” అంటే, “అడుగుడు మన వంతు, ఇచ్చుడు ఆయన ఇష్టం. ఇష్టం లేనోని గడప మీద కూసుంటే ఏమొస్తదిరా” అన్నాడు. మర్నాడు ఆ ఆసామి ఎడ్లబండి బురదలో దిగబడితే నాయినే పోయి చెయ్యి వేశాడు. ఇది చదివి “ఆడపిల్లను చేనుతో పోలుస్తావా?” అని ఎవరైనా అడిగితే ఆ తప్పు ఒప్పుకుంటాను. చేనుకు ఆసామి వేరే ఉంటాడు. అమ్మాయికి ఆసామి అమ్మాయే. నేను పోల్చింది నాయిన లేచిన తీరును.

చెప్పినంత తేలికగా లేచి రాలేం, నిజమే. కడుపులో ఏదో తిప్పుతుంది, నిద్ర పట్టదు. దీనికి శాస్త్రం ఉంది. అమెరికాలో హెలెన్ ఫిషర్, ఆర్థర్ ఆరన్, లూసీ బ్రౌన్ అనే శాస్త్రవేత్తలు ప్రేమలో ఉన్న 17 మంది మెదళ్ళను స్కానింగ్ చేసి 2005లో ఫలితాలు ప్రకటించారు. ప్రేమించిన మనిషి ఫోటో చూపగానే, డోపమిన్ పుట్టే మెదడు అడుగు భాగం మేల్కొంటున్నది. మనకు దేనిమీదైనా తపన కలిగించే భాగం అదే. 2010లో వాళ్ళే, తిరస్కరించబడిన 15 మందిని పరీక్షించారు. కాదనిపించుకున్న తర్వాత కూడా ఆ భాగం ఊరుకోలేదు సరిగదా, మత్తుమందుకు అలవాటుపడ్డవాడి తహతహలో పనిచేసే చోట్లు కూడా పనిచేస్తున్నాయి. అంటే ‘ఆమె లేకపోతే బతకలేను’ అనిపించడం అబద్ధం కాదు, మెదడు అట్లాగే చెప్తుంది. కాని అదే పరిశోధనలో ఇంకో సంగతి బయటపడింది. కాదనిపించుకొని రోజులు గడిచినకొద్దీ, అనుబంధానికి సంబంధించిన ఒక భాగంలో ఆ అలజడి తగ్గుతూ వచ్చింది. పదిహేను మంది లెక్క చిన్నదే, సార్లు ఒప్పుకోకపోవచ్చు. నా అనుభవం మాత్రం పదహారోది. నాకు నాలుగు నెలలు పట్టింది. మొదటి రెండు నెలలు ఘోరం. పక్షానికోసారి ఊరికి పోయి మిర్చి ఏరే కూలీలతో కూర్చునేవాణ్ణి. కళ్ళ వెంట నీళ్ళు వచ్చినా మిర్చి ఘాటనుకునేవాళ్ళు.

తాగుబోతుకు సీసా కనపడకుండా చేసినట్టే, ఆ నాలుగు నెలలు ఆ దారిన పోకపోవడం, ఫోన్‌లో ఆమె ఫోటోలు వెతకకపోవడం అవసరం. ‘ఒక్కసారి చూసి వద్దాం’ అన్న ప్రతిసారీ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

చట్టం సంగతి కూడా అప్పుడే చదివాను. చదివి చెమటలు పట్టాయి. ఇష్టం లేదని ఒక స్త్రీ స్పష్టంగా చెప్పిన తర్వాత కూడా మళ్ళీ మళ్ళీ వెంటపడడం, పలకరించబోవడం, ఇంటర్నెట్‌లో ఆమె ఏం చేస్తున్నదో కనిపెట్టి ఉండడం 2013 నుంచి నేరం. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షన్. మొదటిసారికి మూడేళ్ళ దాకా, మళ్ళీ చేస్తే అయిదేళ్ళ దాకా జైలు. నా పదకొండు రోజులు అందులోకే వస్తాయి. యాసిడ్ దాడికి 124వ సెక్షన్, తక్కువలో తక్కువ పదేళ్ళు, ఎక్కువైతే యావజ్జీవం. పోయబోయినా, విసరబోయినా అయిదేళ్ళకు తగ్గదు.

అమ్మాయిలకు సలహా చెప్పే అర్హత నాకు లేదు. ఒక్క మాట మాత్రం. “ముందే గట్టిగా చెప్తే పోయేది గదా” అని మిమ్మల్ని ఎవరైనా అంటే నమ్మకండి. నాకు గట్టిగానే చెప్పారు, నేను పోలేదు. తప్పు వినేవాడి చెవిలో ఉంటుంది. ఎవరైనా వెంటపడుతుంటే ఒక్కరే మోయకుండా ఒక అక్కకో, ఒక మేడమ్‌కో చెప్పండి, షీ టీమ్‌కు చెప్పండి, 112కు ఫోన్ చెయ్యండి.

కాదన్న మాట వినలేనివాడు ఎదుటివాళ్ళ మీదికే పోతాడని లేదు, తన మీదికీ తెచ్చుకుంటాడు. మా హాస్టల్లోనే ఒక మిత్రుడు ఒక రాత్రి వాచీ, పర్సు అన్నీ పక్కవాళ్ళకు పంచిపెట్టడం మొదలుపెట్టాడు. మాకు అనుమానం వచ్చి తెల్లవార్లూ వంతులేసుకొని కూర్చున్నాం. పొద్దున్నే వాళ్ళ మేనమామను పిలిపించి, ఆసుపత్రిలో చూపించాం. వాడు ఇప్పుడు నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంటున్నాడు. ఇట్లాంటి రాత్రి ఎవరికైనా వస్తే 14416కు ఫోన్ చెయ్యవచ్చు. టెలి మానస్ అని ప్రభుత్వం 2022లో పెట్టిన సర్వీసు, తెలుగులో మాట్లాడతారు. ఊళ్ళల్లో వ్యవసాయం చేసే ఇళ్ళకు నా మనవి, పురుగుల మందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి, తాళం వేసే చోట పెట్టండి. మా ఇంట్లో అటక మీది నుంచి నేనే దింపించాను.

ఇద్దరికీ ఇష్టమైనప్పుడు కాదన్న మాట వినవలసింది పెద్దలు. వాళ్ళ చెవులూ మన చెవుల్లాంటివే. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్యను ఆసుపత్రికి తీసుకొచ్చిన దళిత యువకుణ్ణి ఆమె కళ్ళ ముందే నరికి చంపారు. కూతురు కులం దాటి పెళ్ళి చేసుకున్నదని తండ్రి చేయించిన పని అని పోలీసులు కేసు పెట్టారు. ఆ తండ్రి 2020లో చనిపోయాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకడికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ‘నీ మాట వినను, నా ఇష్టం ఇది’ అన్న కూతురి ‘కాదు’ను తండ్రి భరించలేకపోవడానికి, ఒక పిల్లవాడు బస్టాపులో భరించలేకపోవడానికి తేడా నాకైతే కనపడలేదు.

సైన్సు విద్యార్థిగా చివర ఒక అవసరమైన సంగతి. ఎవరి మీదనైనా యాసిడ్ పడితే, వెంటనే ధారగా మంచినీళ్ళు పోయాలి. చెంబెడు కాదు, కనీసం ఇరవై నిమిషాలు. తడిసిన బట్టలు, నగలు తీసెయ్యాలి. సోడా, వెన్న, పసుపు ఏదీ పూయకూడదు. ‘గాఢ ఆమ్లంలో నీళ్ళు పోయరాదు’ అని చదివాం గదా అని ఆగకండి. అది సీసాలో ఉన్న ఆమ్లం సంగతి, అందులో కాసిని నీళ్ళు పోస్తే వేడెక్కి చిందుతుంది. ఒంటి మీద పడ్డదాన్ని ధారగా పోసే నీళ్ళు, పుట్టిన వేడితో సహా కడిగేస్తాయి. ఆసుపత్రి సర్కారుదైనా ప్రైవేటుదైనా డబ్బులడగకుండా వైద్యం చెయ్యాలని చట్టం ఉంది.

ఇప్పుడు లాబులో జూనియర్లు రిజిస్టరు దగ్గర విసుక్కుంటుంటే, సార్ నన్ను చూపించి “వాణ్ణి అడగండి, చెప్తాడు” అంటున్నారు. చెప్తున్నాను. నా సంగతి కూడా కలిపే చెప్తున్నాను. ఆ అమ్మాయి మళ్ళీ పాత స్టాపులోనే బస్సెక్కుతున్నదని, చున్నీ కట్టుకోవడం మానేసిందని పోయిన నెల ఆ అక్క చెప్పింది. నేను చూడలేదు. ఆ వేళకు నాకు ప్రాక్టికల్సు ఉంటాయి.